దొర తాగని కాఫీ

మిల్లు గేటుకి తాళం పడి ఎనిమిది నెలలైనాక దేవుడికి కరుప్పుసామి గుర్తొచ్చినాడు. గుర్తొచ్చినాక దేవుడు ఆ తాళం తీయించొచ్చు, లేదా ఇంకో చోట పని చూపించొచ్చు. అదేమీ చేయలేదు. ఇద్దరు పిల్లకాయలకి తెల్లచొక్కాలు తొడిగి, మెడకి టైలు బిగించి, కరుప్పుసామి ఇంటికి పంపించి ఊరుకున్నాడు. దేవుడి తెలివి ఎప్పుడూ అంతే.

ఇద్దరిలో ఒకడు అమెరికావాడు, పేరు టోల్మన్. పందొమ్మిదేళ్ళుంటాయేమో. కోయంబత్తూరు ఎండకి చెవులు రెండూ పండుమిరపకాయలైనాయి. రెండోవాడు రాజమండ్రివాడు, ఇంటిపేరు జక్కుల. ఇద్దరి జేబు మీదా నల్లబిళ్ళ, బిళ్ళ మీద పేరుకి ముందర 'ఎల్డర్' అని. పెద్దలని అర్థమంట. మూతి మీద మీసం తిన్నగా మొలవలేదు, వీళ్ళు పెద్దలు! వాళ్ళది మార్మన్ మతమంట. ఏసుదే గాని వేరే కొట్టు. మిల్లు వెనక వీధిలో అప్పటికే మూడు కొట్లుండె. మూడిట్లోనూ కరుప్పుసామి ఒక్కొక్క క్రిస్మస్‌కి కేకు తిన్నాడు, మారియమ్మ పండగకి పొట్టేలు కూరా తిన్నాడు. ఏ దేవుడూ ఇంతవరకు అడ్డం చెప్పలేదు.

టోల్మన్ మొదట ఎనిమిది నెలలు రాజమండ్రిలో తిరిగినాడు. అందుకని నాలుగు తెలుగు ముక్కలు వచ్చు. ముక్క ముక్కకీ 'అండి' తగిలించేవాడు. జక్కులకి మాత్రం వీధివాళ్ళ మాట వింటే నవ్వు.

"మీ తెలుగు అదోలా ఉందండీ," అన్నాడు మొదటి రోజే.

"మా తాతలు ఈడికొచ్చి నాలుగు నూర్లేండ్లైంది తంబీ. అరవంలో నానబెట్టి దాచుకున్నాము. మీది ఊరికే బయట పెట్టినారు, పాచిపోయింది," అన్నాడు కరుప్పుసామి.

అది అర్థమై టోల్మన్ పడీపడీ నవ్వినాడు. ఆ నవ్వుకే కరుప్పుసామి పడిపోయినాడు, మతానికి కాదు. ఇరవైరెండేళ్ళు మిల్లులో నూలు వడికే రింగ్ ఫ్రేముల మధ్య తెగిన దారం అతుకుతూ నడిచినవాడు. ఆ కథలు ఇంట్లో చెప్తే పెళ్ళాం పాప్పమ్మాళ్ ఆవలించేది, యూనియన్ ఆఫీసులో చెప్తే లేచి వెళ్ళిపోయేవాళ్ళు. ఈ ఎర్రచెవుల పిల్లోడు మాత్రం దూది దుమ్ము ముక్కులోకి ఎట్ల పోతుందో, షిఫ్టుకి మిల్లు సంగు కూత మోగితే కాళ్ళు వాటంతట అవే ఎట్ల లేస్తాయో నోరు తెరుచుకొని వినేవాడు. మంగళ, శుక్రవారాలు మూడు గంటలకి వచ్చేవాళ్ళు. ఆ రోజుల్లో రెండున్నరకే కరుప్పుసామి చొక్కా మార్చుకొనేవాడు. ఎందుకు మార్చుకున్నావని అడిగితే చెమట అనేవాడు.

మూడు వారాలు వాకిట్లోనే మాటలు. నాలుగో మంగళవారం పాప్పమ్మాళ్ వాళ్ళని లోపలికి పిలిచింది. కొత్త కాఫీపొడి పొట్లం తెప్పించింది, పాలు కొనింది, పెళ్ళినాటి ఇత్తడి టంబ్లర్లు రెండూ చింతపండు పెట్టి తోమింది. వీధి ఆడవాళ్ళు కిటికీ దగ్గర నిలబడినారు. ఆ వీధిలో బయటివాడెవడూ ఎన్నడూ నోరు తడుపుకోలేదు. ఓట్లప్పుడు వచ్చే నాయకుడు కూడా 'సోదరులారా' అని కౌగిలించుకొని, తాగడానికి మాత్రం కారులోంచి సోడా తెప్పించుకొనేవాడు. పాప్పమ్మాళ్ చిన్నప్పుడు టీ కొట్లో వాళ్ళ కులంవాళ్ళకి కొబ్బరిచిప్పలో పోసేవాళ్ళు. పెద్దదైనాక చిప్ప పోయి వేరే గ్లాసు వచ్చింది. కొట్టు వెనక మేకుకి వేలాడుతుంటుంది, తాగి కడిగి మళ్ళా తగిలించాల. దాన్ని ముందుకు పోవడం అన్నారు.

పొగలు కక్కుతున్న కాఫీ ముందర పెట్టింది. టోల్మన్ ఎదమీద చెయ్యి పెట్టుకున్నాడు.

"వద్దండి సిస్టరండి."

"మేము కాఫీ తాగమండీ, టీ కూడా తాగం," అన్నాడు జక్కుల.

"అట్లైతే నీళ్ళు?"

"మా దగ్గరున్నాయండీ, కాచినవి," అని సంచిలోంచి సీసా పైకెత్తి చూపించినాడు.

కిటికీలో ఎవరో కిసుక్కుమన్నారు.  పాప్పమ్మాళ్ వాళ్ళు పోయేదాకా ఆగి, రెండు టంబ్లర్ల కాఫీ తీసుకుపోయి కాలువలో పోసింది.

"సముద్రం దాటి వచ్చినోడికి కూడా తెలిసిపోయె, మనమెవరో."

"అదేం కాదే. వాళ్ళ మతంలో అట్ల ఉండాదంట."

"మతమంట! ఏ మతంలో కాఫీ తాగనీయరు మామా? పక్కనుండేవాడు తెలుగోడే గదా, వాడే చెవిలో వేసుంటాడు. ఆర్.ఎస్. పురంలో పెద్దిండ్లకీ పోతారంటివే. ఆడ తాగుతారా లేదా పోయి చూడు. తాగినారంటే ఆ ఎర్రచెవులోడు మళ్ళా నా గడప తొక్కకూడదు. చెప్పేసినా."

చూడకపోయినా తొక్కనీయదని కరుప్పుసామికి తెలుసు. వాళ్ళు ఆడ తాగితే తానేం చేస్తాడో అదీ తెలుసు. పెళ్ళాం కంటే ముందర తానే తలుపు మూస్తాడు. మళ్ళా దారం కథలు గోడకి చెప్పుకోవాల. ఇంక చూడకుండా ఎట్ల?

మిల్లు లేనివాడికి పగలంతా సెలవే. మరుసటి రోజు పొద్దున తొమ్మిదిన్నరకి సైకిలేసుకొని వాళ్ళ గది సందు చివర కాపు కాసినాడు.

వాళ్ళు బయలుదేరినారు. ముందు టోల్మన్, వెనక జక్కుల, ఇద్దరికీ సైకిళ్ళు, ఇద్దరికీ హెల్మెట్లు. సైకిలుకి హెల్మెట్టు పెట్టుకొనేవాడిని ఆ ఊరు అంతకు ముందు చూడలేదు. వెనక రాళ్ళు పగలగొట్టేవాళ్ళ పిల్లలు "డోయ్, చంద్రమండలం పోతుండారు డోయ్" అని పరిగెత్తినారు.

మొదటి ఇంట్లో కుక్క. రెండో ఇంట్లో వాచ్‌మన్, కుక్కే మేలు. మూడో ఇంటి ముసలాయన కూర్చోబెట్టి, వాళ్ళు పుస్తకం తెరిచేలోపల అమెరికాలో పత్తి ఏ నేలలో పండుతుందని మొదలుపెట్టి, ముప్పావు గంట పత్తి గురించే మాట్లాడి, కునుకు తీసే వేళైందని పంపించేసినాడు. కాఫీ ఇవ్వలేదు. కరుప్పుసామికి విసుగొచ్చింది. ఇట్లైతే సాక్ష్యం ఎట్ల దొరికేది?

ఒక్కటి మాత్రం చూసి ఆశ్చర్యపోయినాడు. ఇద్దరూ ఒకణ్ణొకడు వదలరు. ఒకడు గోడ పక్కన ఒంటికి పోతే రెండోవాడు వీపు తిప్పి నిలబడి ఆకాశం చూస్తాడు. ఒకడు పోస్టాఫీసులో స్టాంపు కొంటే రెండోవాడు మోచెయ్యి తగిలేటట్టు పక్కన. మొగుడూపెళ్ళాలకైనా ఇంత కట్టుబాటు లేదు. పెళ్ళాం మీద కోపమొస్తే మొగుడు సూలూరు బావమరిది మరమగ్గాల షెడ్డుకి పోయి రెండు రోజులు పడుకోవచ్చు.

ఆ కోపమూ చూసినాడు. రేస్‌కోర్సు దాటినాక టోల్మన్ సైకిలు చైను ఊడింది. వేసినాడు, మళ్ళా ఊడింది. జక్కుల ఏదో అన్నాడు. టోల్మన్ సైకిల్ని ఒక్క తన్ను తన్ని, టై పీకి, రోడ్డున పడి నడిచినాడు. జక్కులా రెండోపక్కకి తిరిగి నడిచినాడు. ఇరవై అడుగులు పోయినాక ఇద్దరూ ఆగినారు. కంటికి కనిపించనంత దూరం పోకూడదు, అది వాళ్ళ రూలు. చేసేది లేక ఇద్దరూ ఆ ఇరవై అడుగుల్లోనే, తలొక చెట్టు కింద నిలబడి, ఒకడినొకడు చూడకుండా చూసుకుంటూ అలిగినారు. ఎంత అలిగినా దారం పొడవు అంతే. పావుగంటకి జక్కుల వచ్చి కూర్చొని చైను వేసినాడు. టోల్మన్ వచ్చి, జక్కుల చేతి గ్రీసు తన రుమాలుతో తుడిచినాడు.  చాటున నిలబడిన కరుప్పుసామి ఎందుకో మొగం పక్కకి తిప్పుకున్నాడు. థూ అని ఉమ్మేసినాడు.

మధ్యాహ్నం మెస్సులో అన్నం తిన్నారు, సీసా నీళ్ళు తాగినారు. నాలుగు గంటలకి ఆర్.ఎస్. పురంలో ఒక పెద్దింటి ముందర సైకిళ్ళు ఆపినారు.

ఆ ఇల్లు కరుప్పుసామికి తెలుసు. మిల్లు మేనేజరుగా చేసి దిగిపోయిన జగన్నాథన్ ఇల్లు. వాళ్ళింట్లోనూ తెలుగే మాట్లాడతారు, నాయుళ్ళు. పదేండ్ల ముందర మిల్లునించి ఇనప బీరువా మోసుకొచ్చిన ఆరుగురిలో కరుప్పుసామి ఒకడు. ఆనాడు పెరట్లో అల్యూమినియం గ్లాసులో కాఫీ పోసినారు. తాగి, కుళాయి దగ్గర కడిగి, పిట్టగోడ మీద బోర్లించి వచ్చినారు.

గేటు పక్క కాగితపు పూల చెట్టు చాటున నిలబడి చూసినాడు. వరండాలో పేము కుర్చీలు. జగన్నాథన్ పేపరు మడిచి ఇంగ్లీషులో నవ్వుతున్నాడు. ఆయన భార్య సౌందరం పళ్ళెంలో రెండు వెండి టంబ్లర్లు పెట్టుకొని వచ్చింది. నురుగు పైకి లేచి ఉండాది. కరుప్పుసామి ఊపిరి బిగబట్టినాడు. తాగద్దురా అని మొక్కినాడు. ఏ దేవుడికి మొక్కినాడో వాడికే తెలియదు.

టోల్మన్ ఎదమీద చెయ్యి పెట్టుకున్నాడు.

"వద్దండి సిస్టరండి."

"కొంచెం పుచ్చుకోండి, మా ఇంటి పాలు."

"మేము కాఫీ తాగమండీ," అన్నాడు జక్కుల.

"అయితే నీళ్ళు?"

సీసా పైకి లేచింది. సౌందరం మొగంలో రంగు మారింది. మన చేతి నీళ్ళు కూడా తాగరా, మనమంటే ఏమనుకున్నారు, అని ఆ మొగం అడుగుతుండాది. అచ్చం పాప్పమ్మాళ్ మొగమే. పాప్పమ్మాళ్‌కి పట్టుచీర కట్టి, ముక్కుకి రవ్వల బేసరి పెట్టినట్టుంది. కరుప్పుసామికి పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. బిగపట్టుకోలేక బయటికే నవ్వేసినాడు.

"ఎవరది?" అన్నాడు జగన్నాథన్.

టోల్మన్ తిరిగి చూసినాడు. "బ్రదర్ కరుప్పుసామి!" అని నాలుగంగల్లో గేటు దగ్గరికి వచ్చి, చెయ్యి పట్టుకొని వరండా మీదికి లాక్కుపోయినాడు. ఆ ఇంటి వరండా మెట్టు కరుప్పుసామి తొక్కింది అదే మొదలు. జక్కుల కుర్చీలోంచి లేచినాడు. వాడు ఈ దేశం వాడు, వాడికి అంతా అర్థమైంది. "ఎల్డర్, ఎల్డర్" అని మెల్లిగా పిలిచినాడు గాని, ఆ ఎర్రచెవుల్లోకి పోలేదు.

"కాఫీ ఇష్టం ఇతనికండి! చాలా ఇష్టమండి!" అని టోల్మన్ పళ్ళెంలోంచి వెండి టంబ్లరు తీసి కరుప్పుసామి చేతిలో పెట్టినాడు. మంచి కాఫీ పారేయడం ఎందుకు, తాగేవాడు పక్కనే ఉండగా! వాడి బుర్రలో ఉండింది అంతే.

వరండా అంతా ఆగిపోయింది. జగన్నాథన్ పేపరు మళ్ళా విప్పుకున్నాడు. సౌందరం చేతిలో పళ్ళెం ఒక పక్కకి ఒరిగింది. తెల్లవాడి ముందర ఏమంటుంది?  పెదవి తగలకుండా ఎత్తి పోసుకొని తాగుదామా అనుకున్నాడు కరుప్పుసామి, అలవాటు. తాగలేదు. పెదవులు వెండికి ఆనించి, ఒక్కొక్క గుక్కా జుర్రుమని చప్పుడొచ్చేటట్టు తాగినాడు.

"మన మిల్లులో ఏ డిపార్ట్‌మెంటప్పా?" అన్నాడు జగన్నాథన్ పేపరు వెనకనించి.

"రింగ్ ఫ్రేమయ్యా."

కాఫీ అయిపోయింది. సౌందరం గొంతు మెత్తగా చేసుకొని చెప్పింది. "అక్కడ కుళాయి ఉందప్పా. కడిగి గోడ మీద బోర్లించి పో."

కరుప్పుసామి కాళ్ళు మిల్లు సంగు విన్నట్టు వాటంతట అవే కదిలినాయి. అంతలో జక్కుల ముందుకొచ్చి వాడి చేతిలోంచి టంబ్లరు లాక్కున్నాడు. కుళాయి దగ్గరికి నడిచినాడు. జక్కుల పోతే టోల్మన్ పోవాల గదా, రూలు! వాడూ వెనకే పోయినాడు. ఒకడు పీచు పట్టుకున్నాడు, ఒకడు నీళ్ళు తిప్పినాడు.

"అయ్యయ్యో, మీరెందుకు! దొరా! వద్దు!" అని సౌందరం చీరకొంగు ఎత్తిపట్టుకొని వాళ్ళ వెనక పరిగెత్తింది.

వరండాలో ఇద్దరే మిగిలినారు. కరుప్పుసామి కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. జగన్నాథన్ పేపరు అంచు మీదినించి చూసినాడు.

"మిల్లు మళ్ళా తెరుస్తారాయ్యా?"

జగన్నాథన్ పేపరు దించినాడు. "తెరవరప్పా. మెషిన్లు అమ్మేసినారు. మీ యూనియన్‌వాళ్ళకి పోయిన నెలే తెలుసు."

ఇన్ని నెలల్లో ఆ మాట నిజంగా చెప్పినవాడు ఆయనొక్కడే. కరుప్పుసామికి ఏడుపు రాలేదు. కుర్చీ మెత్తగా ఉండింది, ఇంకాసేపు కూర్చున్నాడు.

ఇంటికి వచ్చి అంతా చెప్పినాడు, మెషిన్ల సంగతి తప్ప. పాప్పమ్మాళ్ మిరపకాయలు తొడిమలు తీస్తూ వినింది.

"ఆడ కూడా తాగలా?"

"తాగలా."

"నీళ్ళు?"

"నీళ్ళూ తాగలా."

"ఆయమ్మ మొగం ఎట్లుండె?"

కరుప్పుసామి మూతి వంకర తిప్పి, కళ్ళు పెద్దవి చేసి, ఊహలో ముక్కుపుడక సర్దుకొని చూపించినాడు. పాప్పమ్మాళ్ నవ్వింది. ఆపి మళ్ళా నవ్వింది. మిరపకాయ చేత్తో కన్ను తుడుచుకొని, మంటకి తిడుతూ నవ్వింది. మెషిన్ల సంగతి రేపు చెప్పొచ్చు అనుకున్నాడు వాడు.

శుక్రవారం మూడు గంటలకి ఎల్డర్లు భయం భయంగా వాకిట్లో నిలబడినారు. పాప్పమ్మాళ్ లోపలికి రమ్మని, రెండు ఇత్తడి టంబ్లర్లు ఖాళీవి ముందర పెట్టింది.

"సీసా తియ్యి తంబీ. నీళ్ళు మీవే, గ్లాసు మాది. పోసుకో."

జక్కుల ఆమె మొగం వంక చూసి తల దించుకున్నాడు. రెండింట్లోనూ పోసినాడు. టోల్మన్ పెదవికి ఆనించి గటగటా తాగేసి, మీసం లేని మూతి తుడుచుకున్నాడు.

"చాలా బాగుందండి సిస్టరండి," అన్నాడు తన నీళ్ళని తనే మెచ్చుకొని. తరవాత పుస్తకం తెరిచినాడు. "బ్రదరండి, ఈ రోజు కుటుంబం, చనిపోయినాక కూడా ఎప్పటికీ..."

"ఉండు ఉండు," అని పాప్పమ్మాళ్ చెయ్యి అడ్డం పెట్టి, మొగుడి వైపు తిరిగింది. "ఇంకొకసారి పోసుకొని తాగమను మామా. పక్కింటి వల్లియమ్మాళ్ ఇప్పుడే కిటికీ దగ్గరికి వస్తుండాది."