గొర్రెల గుంపులో కెజియా

నగేశ్ మస్కట్ నుంచి వచ్చి వారం కాలేదు, అప్పుడే కూతురు అతనికి పరీక్ష పెట్టింది. కెజియాకు తొమ్మిదేళ్లు. ఎల్లారెడ్డిలో ఆమె చదివే బడి పిల్లలు క్రిస్మస్‌కు కామారెడ్డిలోని ఒక ఫంక్షన్ హాల్లో బ్యాలే ఆడుతున్నారు. అందులో ఆమె గొర్రె వేషం. గొర్రె అంటే ఒక్కటే కాదు, గుంపు. అందరికీ ఒకే రకం తెల్ల గౌను, దాని మీద దూది, మొహానికి మాస్కు.

"నేను ఏ గొర్రెనో నువ్వే గుర్తువట్టాలె బాపు. అమ్మ చెప్పొద్దు, ఒట్టు వేయించుకున్న," అంది కెజియా.

"గదేం పెద్ద పని? నా బిడ్డను నేను గుర్తువట్టనా?" అన్నాడు నగేశ్ మీసం దువ్వుతూ.

అనడమైతే అన్నాడు గానీ లోపల గుబులుగానే ఉంది. పిల్లకు మూడేళ్లప్పుడు పోయిన మనిషి. మధ్యలో ఒక్కసారి వచ్చాడు, అదీ తండ్రి చావుకు. దినాలు కాగానే మళ్లీ విమానం ఎక్కాడు. ఫోన్లో గలగలా మాట్లాడే పిల్ల, ఇప్పుడు ఎదురుగా కూర్చుంటే తల్లి కొంగు చాటుకు పోతోంది. ఈ పరీక్ష ఒక్కటి నెగ్గితే దగ్గరికి వస్తుందని అతని ఆశ. జనవరిలో మళ్లీ పోవాలి.

ఫంక్షన్ హాల్లో ముందు కుర్చీలన్నీ ఎవరెవరో రుమాళ్లు వేసి ఆపుకున్నారు, బస్సులో సీట్లు ఆపుకున్నట్టు. నగేశ్, భార్య సలోమి, మామ యాకూబు నడిమి వరుసలో సర్దుకున్నారు. ముగ్గురిలో ఎవరూ బ్యాలేను చూసిన పాపాన పోలేదు. యాకూబు మాత్రం వయసులో ఉన్నప్పుడు ఏటా చర్చి నాటకంలో పసిపిల్లలను చంపించిన హేరోదు రాజు వేషం కట్టేవాడు. ఆ గొంతుకు చంటిపిల్లలు జడుసుకునేవారట. ఆ సంగతి చెప్పేది ఎప్పుడూ ఆయనే.

తెర లేచింది. దేవదూత వచ్చింది, మరియ వచ్చింది. చేతులు తిప్పారు, పాదాలు కదిపారు, వెళ్లిపోయారు. ఒక్కరూ నోరు విప్పలేదు.

"మాటలెప్పుడు మొదలైతయి అల్లుడా?" అన్నాడు యాకూబు.

"గిండ్ల మాటలుండయట మామా. ఒట్టి ఆటనేనట."

"మాటల్లేకుంటె హేరోదు ఎట్ల ఒర్రుతడు?"

"ఒర్రడు. ఎగురుతడేమో."

"ఎగిరెటోడు రాజెట్లయితడు?" అంటూ యాకూబు తువ్వాల ఆ భుజం మీంచి ఈ భుజానికి మార్చుకున్నాడు. సలోమి ఇద్దరినీ నోరు మూసుకోమంది.

మరియ భర్త యోసేపు తలదాచుకునే చోటు కోసం తలుపు తలుపూ తట్టే ఘట్టం వచ్చేసరికి నగేశ్‌కు ఆట మెల్లగా ఒంటబట్టింది. భాష రాని దేశంలో మొదటి ఏడాది అతనూ ఇలాగే చేతులతో అడిగాడు, చేతులతోనే లేదనిపించుకున్నాడు. ఇప్పుడు ఆ పిల్లవాడు చేతులు చాచి నిలబడితే అతని కళ్లు చెమర్చాయి. ఇంతలో గొర్రెలు వచ్చాయి.

నగేశ్ కుర్చీ అంచుకు జరిగి ఫోను తీశాడు. అన్నీ ఒకే ఎత్తు, ఒకే తెలుపు. ఒకసారి ఈ చివరిది అనిపిస్తుంది, ఒకసారి ఆ చివరిది అనిపిస్తుంది. చూడగా చూడగా కుడివైపు గొర్రె ఒకటి అందరికంటే చక్కగా ఎగురుతోంది. తాళం తప్పడం లేదు, తిరిగితే గౌను గొడుగులా విచ్చుకుంటోంది. ఇదే నా బిడ్డ అనుకున్నాడు. అంత బాగా ఆడేది తన బిడ్డ కాక ఇంకెవరు? తండ్రి బుద్ధి అది, తప్పు పట్టలేం. ఇక ఫోను ఆ గొర్రె మీంచి కదల్లేదు.

ఎడమవైపు ఇంకో గొర్రె ఉంది. అందరూ ఇటు తిరిగితే అది అటు తిరిగింది. సర్దుకోబోయి పక్కదాన్ని గుద్దుకుంది. హాలంతా ఘొల్లున నవ్వింది. నగేశ్ కూడా కడుపారా నవ్వాడు. సలోమి నవ్వలేదు. మొగుడి వంక చూసి ఏదో అనబోయి, ఒట్టు గుర్తొచ్చి ఆగిపోయింది.

ఆట అయిపోయింది. పిల్లలు వరుసగా నిలబడి మాస్కులు తీశారు. ఫోనులో కనిపించిన మొహం ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్లది. నగేశ్ ఫోను దించాడు. ఎడమవైపు, చెదిరిన జుట్టుతో, చెమట మొహంతో కెజియా సూటిగా అతన్నే చూస్తోంది.

హాలు బయట ఆమె అడిగిన మొదటి మాట, "నువ్వు గా పిల్లనే తీసినవు గదా బాపు?"

"ఔ బిడ్డ. తప్పయింది."

"నవ్వినవు గూడ. మాస్కు బొక్కల్లకెళ్లి నాకు మంచిగ కనవడ్డది."

ఎడారిలో ఏ మేస్త్రీ తిట్టినా నగేశ్‌కు ఇంత సిగ్గు వేయలేదు.

ఎల్లారెడ్డి బస్సులో కెజియా తాత పక్కన, కిటికీ దగ్గర కూర్చుంది. వెనక సీట్లో నగేశ్ పక్కనున్న భార్యను అడిగాడు.

"నువ్వెట్ల గుర్తువట్టినవు?"

"ఎడమకాలు జర లోపలికేసి నడుస్తది. రాంగనే తెల్సింది. నీకు తెల్వదా?"

"ఫోన్ల కాళ్లు యేడ కనవడ్తయి సలోమీ?"

సలోమి అతని చేయి తన ఒళ్లోకి తీసుకుంది.

ఎల్లారెడ్డిలో దిగేసరికి పొద్దు వాలుతోంది. యాకూబు ఆటో పిలిచాడు. నగేశ్ మామను, భార్యను ఆ ఆటోలో ఎక్కించి, తాను కూతురితో రోడ్డు మీదే ఆగిపోయాడు.

"నువ్వు ముంగట నడువు బిడ్డ. నేను ఎనకకెళ్లి వస్త."

"ఎందుకు?"

"నీ నడక జూస్త. నేనెప్పుడు సూడలే."

కెజియా కాసేపు అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత నడిచింది. మొదట్లో పరేడులో నడిచినట్టు బిర్రబిగుసుకుని నడిచింది. కూరగాయల బండ్లు దాటాక మామూలుగా పడింది నడక. ఎడమకాలు నిజంగానే జర లోపలికి పడుతోంది. నాలుగడుగులకోసారి ఒక చిన్న ఎగురు. ఎదురుగా బండి వస్తే ఆగి, తల అటూ ఇటూ తిప్పి, మళ్లీ నడక. నగేశ్ జేబులోంచి ఫోను తీయలేదు. కళ్లతోనే చూశాడు, తనివితీరా చూశాడు.

ఇల్లు వచ్చింది. సలోమి గడపలో నిలబడి ఉంది. కెజియా ఇంటి ముందు ఆగలేదు. ఒక్కసారి వెనక్కి తిరిగి బాపు వస్తున్నాడో లేదో చూసుకుని, ఇల్లు దాటి రోడ్డు వెంట నేరుగా ముందుకు నడిచింది.

"యేడికి పోతున్నరు?" అని కేకేసింది సలోమి.

నగేశ్ చేత్తోనే ఆమెను ఊరుకోమని సైగ చేసి, కూతురి వెనకే నడిచాడు.