తొడుగు

తవిటయ్య రెండో చేతికి కూడా గ్లౌజు ఎక్కించి, వేళ్ళ సందులు నొక్కుకుంటూ చెక్కపెట్టె దగ్గరికి నడిచాడు. ఆటోనగర్‌లోని ఆ షెడ్డులో పని తేలికే. మనిషికన్నా పొడవైన సన్నని గొట్టాన్ని తీసి, మెత్తని గుడ్డతో తుడిచి, గీతలున్నాయేమో చూసే మేస్త్రీకి అందించాలి. జిర్కోనియం కలిసిన లోహం. అణు విద్యుత్తు కేంద్రంలో యురేనియం బిళ్ళలకు పైతొడుగు. బిళ్ళలు నింపేది ఎక్కడో దూరాన, ఇక్కడికొచ్చేవి ఉత్త గొట్టాలేనని సూపర్‌వైజరు భీమశంకరరావు మొదటిరోజే చెప్పాడు. తవిటయ్య తలూపాడు గాని నమ్మలేదు.

అనుమానమంతా ఆ గ్లౌజుల మీదే. పాతికేళ్ళు రేవులో మాంగనీసు ఖనిజం మోశాడు. గంధకం ఓడ వచ్చిందంటే కళ్ళు మండి నీళ్ళు కారేవి. ఒక్కరూ పేలికగుడ్డ ఇచ్చిన పాపాన పోలేదు. దగ్గు ముదిరి ఇక్కడికొస్తే, రోజూ ఉతికిన తెల్లటి గ్లౌజులు చేతిలో పెడుతున్నారు. ఊరికే ఇస్తారా?

"ఇసం లేపోతే తొడుగెందుకు బావా?" అన్నాడు పక్కన గుడ్డ మడుస్తున్న ఎల్లారావుతో.

"నీక్కాదంట. గొట్టానికంట. నీ సేతి సెమట తగిల్తే దానికి జబ్బు సేత్తదంట."

"మడిసి ముట్టుకుంటే గొట్టానికి జబ్బా? నాను నమ్మాలేటి?"

ఆ మాట విన్న భీమశంకరరావు నవ్వి, పనికిరాదని పక్కన పడేసిన గొట్టాన్ని ఒట్టిచేత్తో తీసి చెంపకు రుద్దుకున్నాడు. విషం లేనిదాన్ని ముందే విడిగా పెట్టుకున్నారు కాబోలనుకున్నాడు తవిటయ్య. మధ్యాహ్నం అన్నం చెంచాతోనే తిన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి, మోచేతుల దాకా బూడిదతో, కొబ్బరిపీచుతో చర్మం ఎర్రబడేలా తోముకున్నాడు. కూతురు చిట్టమ్మ కాన్పుకొచ్చి మూడోనెల. మనవరాలిని అతను ఇంతవరకూ ముట్టుకోలేదు. పిల్ల ఏడిస్తే దూరం నుంచి గొంతు మార్చి పలకరిస్తాడు. చేతులు మాత్రం వెనక్కి కట్టుకునే ఉంటాడు.

"ఓపాలి ఎత్తుకో మావా. నీ ముక్కే వచ్చింది దానికి," అంది భార్య కాశమ్మ.

"సబ్బుకి పోయేది కాదే ఇది. పిల్లకి అంటుకుంటే?"

అతను అరుగు మీద గోడకు చేరగిలబడి కాసేపు దగ్గాడు. దగ్గు ఆగింది. నిద్రపట్టిందనుకుని, ఇదే అదననుకుని, కాశమ్మ చప్పుడు కాకుండా పిల్లను తెచ్చి అతని ఒళ్ళో పడుకోబెట్టింది. పిల్ల తడుముకుని తాత బొటనవేలు పట్టుకుంది.

తవిటయ్య చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

కాశమ్మ ఒక్క క్షణం సంతోషపడింది. ఆ తరవాత అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, పిల్లను మెల్లగా తీసి చిట్టమ్మకు అందించింది.

గుమ్మం పక్క మేకుకు అతని తువ్వాలు వేలాడుతోంది. పొద్దునే ఉతికి ఆరేసినదే. నోటికి అడ్డం పెట్టుకుని దగ్గేచోట మాత్రం మాంగనీసు నలుపు అలాగే ఉంది.