పొగగొట్టంలో దాచిన బెండు

టైలర్ ఓడ వరసగా రెండుసార్లు మునిగింది. మునగటం అంటే ఆ క్లబ్బులో పెద్ద నేరమేం కాదు, అందరూ చేసేదే. బారెడు పొడవుండే యుద్ధనౌకల బొమ్మలు పల్చటి చెక్కతో చేసుకొచ్చి, మూతబడ్డ ఫ్యాక్టరీ వెనకున్న సిమెంటు చెరువులో వదులుతారు. ఒడ్డున నిలబడి రిమోట్లు నొక్కుతూ, లోపల బిగించిన గ్యాసు తుపాకులతో ఒకళ్ళ ఓడకి ఒకళ్ళు చిల్లులు పెట్టుకుంటారు. మిరియపు గింజంత ఇనప గుండ్లు. కొట్టేవాళ్ళంతా షుగరు బిళ్ళలు వేసుకునే వయసువాళ్ళే. ఆదివారం పూట మానవజాతికి ఇంతకంటే పనికొచ్చే పని వాళ్ళకి దొరకలేదు పాపం.

అయితే వరసగా మూడోసారి మునిగినవాడి చేతికి క్లబ్బు కొక్కెం కర్ర ఇస్తుంది. ఇక ఏడాదంతా వాడి ఓడ ఇంట్లో, వాడు చెరువులో. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి మిగతావాళ్ళ ఓడల్ని వెతికి పైకి తీసిపెట్టాలి. ఇప్పుడు ఆ కర్ర పట్టుకుని తిరుగుతున్న పాలాయన్ని పెళ్ళిళ్ళలో కూడా "కొక్కెంగారూ, భోంచేశారా" అని పలకరిస్తున్నారు. టైలర్‌కి అన్నం సయించకపోవటానికి కారణం అదే.

పైగా రెండుసార్లూ ముంచింది పరాయివాడు కూడా కాదు. సొంత బామ్మర్ది. టైల్స్ షాపు నడుపుతాడు, ఇంతవరకు ఒక్కసారి కూడా మునగని మనిషి. ఆ సంగతి షాపు బోర్డు మీద రాయించలేదంటే అది వాడి వినయం.

టైలర్ బాగా ఆలోచించాడు. తేలేదాన్ని కాబట్టే కదా ముంచుతున్నారు, నిండా మునిగినవాడికి చలేమిటి? సబ్‌మెరైన్ కట్టాలి. క్లబ్బులో ఎప్పుడూ ఎవరూ కట్టలేదు. ఒకటే రూలు, నిజంగా ఒకప్పుడు ఉన్న ఓడకే నకలు కట్టాలి. ఫోన్లో వెతికి వెతికి, ఉన్న సబ్‌మెరైన్లన్నీ వదిలేసి, వందేళ్ళ కిందట ఆవిరితో నడిచినదాన్ని పట్టుకున్నాడు. దానికి రెండు పొగగొట్టాలు.

కుట్టుమిషను మీద ఫోను నిలబెట్టి బామ్మర్దికి చూపించాడు.

"బావా, నీళ్ళలో మునిగేదానికి పొగగొట్టాలేంటి? గొడుక్కి కిటికీలు పెట్టినట్టు."

"నిజంగా ఉందిరా. మునిగేముందు మూతలేసేవాళ్ళంట."

"యుద్ధంలో ఏం పొడిచిందో?"

టైలర్ కాస్త గొంతు తగ్గించాడు. "సొంతవాళ్ళ ఓడలతోనే గుద్దుకుందంట, ఎక్కువ."

"అయితే మన కుటుంబానికి సరిపోయింది" అంది పక్కన కూర్చుని కాజాలు కుడుతున్న టైలర్ భార్య. బామ్మర్దికి అక్క. ఇద్దరిలో ఎవరు మునిగినా ఆవిడకి ఒకటే. ఆదివారం ఇల్లు ఖాళీగా ఉంటే చాలు.

"ఇంతకీ ఆ గొట్టాల్లో ఏం పెడతావు బావా? పూలమొక్కలా?" అని నవ్వుకుంటూ పోయాడు బామ్మర్ది.

ఆ మాట టైలర్‌కి గుచ్చుకుంది. ఏదో ఒకటి పెట్టి తీరాలి. క్లబ్బులో ప్రతి ఓడ మీదా ఒక బెండు ఉండాలి, దారంతో ఓడకి కట్టి. ఓడ మునిగితే బెండు తేలుతుంది, ఎక్కడ పడిందో తెలుస్తుంది. అందరూ దాన్ని పైన అసహ్యంగా వదిలేస్తారు. టైలర్ మాత్రం ముందున్న పొగగొట్టంలో నీటుగా కూర్చోబెట్టాడు. దారం కూడా చేపల గాలం దారం కాదు, స్కూలు బ్యాగులు కుట్టే నైలాన్ దారం. తన చేతి కుట్టు తెగిందన్న మాట రాకూడదు.

ఇంటి మేడ మీద నీళ్ళ తొట్లో పరీక్ష చేశాడు. దిగింది, లేచింది, దిగింది, లేచింది. బెండు మాత్రం అప్పటికి పెట్టలేదు. ట్రయలు వేసేటప్పుడు గుండీలు కుట్టడు కదా ఏ టైలరూ. గుండీలెప్పుడూ చివర్నే.

ఆదివారం వచ్చింది. రిఫరీ గార్డు బాబాయ్. రైళ్ళలో గార్డుగా చేసి రిటైరయ్యాడు గానీ ఈల మాత్రం ఇంకా రిటైరవలేదు.

బామ్మర్ది యుద్ధనౌక కొత్త పెళ్ళికొడుకులా ఎదురొచ్చింది. టైలర్ ఊపిరి బిగబట్టి కిందకి నొక్కాడు. సబ్‌మెరైన్ వెన్నలా దిగిపోయింది. పొగగొట్టంలోంచి బెండు టుపుక్కున పైకొచ్చింది.

ఈల మోగింది. "టైలర్ మునిగాడు."

"మునగలేదు బాబాయ్. దిగింది."

"తేడా ఏంటి?"

"మళ్ళీ పైకొస్తుంది."

"మునిగిన ప్రతివాడూ అదే అంటాడు. బెండు తేలితే మునిగినట్టే, రూలు."

"రూలు రాసినప్పుడు సబ్‌మెరైన్ లేదుగా."

"సరే, పైకి తే. చూస్తా."

పాలాయన అప్పటికే తన వంతు తీరిందని ప్యాంటు మడతలు విప్పుకుని, కర్ర పట్టుకుని ప్రేమగా టైలర్ వైపు నడిచొస్తున్నాడు.

టైలర్ పైకి నొక్కాడు. రాలేదు. ఎందుకంటే ఈ లోపల బామ్మర్ది ఊరుకోలేక, విజయయాత్రలా ఆ బెండు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. నైలాన్ దారం వాడి ఓడ వెనక ఫ్యానుకి చుట్టుకుంది. గాలం దారమైతే పుటుక్కుమనేది. ఇది స్కూలు బ్యాగు దారం. యుద్ధనౌక కట్టేసిన గేదెలా ఆగిపోయింది. వాడి చేతిలో ఇన్నాళ్ళూ మునిగినవాళ్ళంతా దానికి పరామర్శకొచ్చినట్టు వచ్చి, చుట్టూ నిలబడి, తృప్తిగా చిల్లులు పెట్టారు. అది మునిగి, వెళ్ళి సబ్‌మెరైన్ మీదే కూలబడింది.

"ఇది అన్యాయం బాబాయ్" అన్నాడు బామ్మర్ది. "బావ దారం వల్ల ఆగిపోయాను. నాది మునిగినట్టు కాదు."

గార్డు బాబాయ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "చూడు నాయనా. మీ బావ ఓడ అప్పటికే మునిగిందంటే, అది చెత్త కింద లెక్క. చెత్తలోకి పోయింది నువ్వు, కాబట్టి మునిగావు. అది అప్పటికి బతికే ఉందంటే దారం తప్పు మీ బావది. నీ మునక కొట్టేస్తాను, మునగలేదని రాస్తాను. మరి అది చచ్చిందా, బతికుందా? దగ్గరగా తిరిగింది నువ్వే."

బామ్మర్ది టైలర్ వైపు చూశాడు, పాలాయన చేతిలో కర్ర వైపు చూశాడు. ఒకపక్క, బావని ఏడాదిపాటు మోకాళ్ళ లోతులో చూసే భాగ్యం. ఇంకోపక్క, ఎప్పుడూ మునగని తన పేరు.

"బతికే ఉంది బాబాయ్" అన్నాడు పళ్ళు బిగించి. "కింద కదలటం నా కళ్ళతో చూశా."

ఆ చెరువులో నీళ్ళు టీ రంగులో ఉంటాయి. కింద కదిలేది చేపకే కనపడదు. అయినా బాబాయ్ రాసుకున్నాడు, ఇద్దరూ మునగలేదని. పాలాయన ఉసూరుమని ప్యాంటు మళ్ళీ మడిచి నీళ్ళలోకి దిగి, బెండు పట్టుకుని లాగాడు. ముందు సబ్‌మెరైన్ వచ్చింది, దాని వెనకే, గాలానికి పడ్డ పెద్ద చేపలా, ఎన్నడూ మునగని యుద్ధనౌక. దారం తెగలేదు.

బామ్మర్ది కూర్చుని ఫ్యానుకి చుట్టుకున్న దారం గోళ్ళతో గీక్కుంటున్నాడు. "బెండు తీసుకెళ్ళి పొగగొట్టంలో ఎవరైనా పెడతారా బావా?"

"నువ్వేగా అడిగావు, ఏం పెడతావని" అన్నాడు టైలర్, జేబులోంచి చిన్న కత్తెర తీసి ఇస్తూ. "దారం మాత్రం ఊరికే పారెయ్యకు. కడిగి మళ్ళీ వాడతా."