ఎదురింటి మందులషాపు

లిఫ్టాయన పాలు లేని టీ మింగుతూ మూతి ముడిచాడు. పాల కంపెనీ యజమాని ఎదుటి పార్టీకి చందా ఇచ్చాడని తెలిసిన దగ్గర్నుంచి ఆ ఇంట్లోకి పాలు రావడం లేదు. సబ్బు సంగతీ అంతే. ఇప్పుడు వాడేది ఎంత రుద్దినా నురగ రాదు కాని, మన పార్టీవాళ్లది. పోనీ ఆ పార్టీకి ఓటన్నా వేశాడా అంటే, పోలింగ్ నాడు సెలవు దొరికిందని ముసుగుతన్ని పడుకున్నాడు.

ఆఫీసు లిఫ్టులో పగలంతా స్టూలు మీద కూర్చుని మీటలు నొక్కడమే ఆయన ఉద్యోగం. ఆఫీసర్లు ఎక్కితే ఏ పార్టీవారైనా సరే, వంగి వంగి నమస్కారాలు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి. ఆయన కొనడం మానేశాడని ఏ కంపెనీ మూతపడలేదు. ఇంట్లోవాళ్ల నోళ్లే చప్పబడ్డాయి.

సాయంత్రం ఇల్లు చేరేసరికి తల్లి మంచం మీద కూర్చుని ఊపిరి అందక ఆపసోపాలు పడుతోంది. ఉబ్బసం ఇన్‌హేలర్ అయిపోయింది. భార్య ముసలావిడ వీపు నిమురుతూ, ఎదురుగా ఉన్న మందులషాపుకు వెళ్లి రమ్మంది.

"వాడి దగ్గరా? షాపు గోడ మీద ఎవరి బొమ్మ పెట్టాడో చూశావా?"

"అత్తయ్యకు ఊపిరాడట్లేదండీ. బొమ్మల సంగతి తర్వాత చూసుకుందురుగాని."

"ఇట్టే వచ్చేస్తా," అంటూ చెప్పులేసుకున్నాడు.

ఎదురింటి షాపు దీపాల వెలుగు వాళ్ల గుమ్మంలోనే పడుతోంది. దాన్ని తొక్కుకుంటూ వెళ్లి, మార్కెట్టు దాటి, పట్టాల అవతలున్న ఇంకో మందులషాపు కోసం రైలు గేటు దగ్గరికి చేరాడు. గేటు పడింది. గూడ్సు బండి నింపాదిగా పోతోంది. తల్లి ముఖం గుర్తొచ్చింది. వెనక్కి తిరుగుదామనిపించింది కూడా. కాని ఆ షాపువాడు నవ్వుతాడేమో! తల్లి ప్రాణం కన్నా వాడి నవ్వే పెద్దదైపోయింది ఆ మహానుభావుడికి. గేటు లేచేదాకా అక్కడే నిలబడ్డాడు.

మందు కొని రొప్పుతూ తిరిగొచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఎదురింటి షాపాయన మంచం పక్కన తల వంచుకుని నిలబడ్డాడు. ఈయన భార్య పిలిచిందని షాపు వదిలేసి, మందు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడట. అప్పటికే ఆలస్యమైంది. తల్లి కళ్లు ఎవరో మూశారు.

"మీరొస్తారని కాసేపు చూశానండీ," అంది భార్య, ఆయన వైపు చూడకుండానే.

ఆయన చేతిలోని డబ్బా ఎక్కడ పెట్టాలో తెలియక కిటికీ దగ్గరికి నడిచాడు. కిటికీ గట్టు మీద అదే కంపెనీ డబ్బా, అదే నీలం రంగుది, సీలైనా విప్పకుండా ఉంది.