బూడిద రంగు కప్ప

మ్యూజియం వెనకగదిలో పొద్దున్నే పని ఒకటే. అల్మరాలో కప్పల్ని నిలవుంచిన సీసాలు దించి తుడవడం, స్పిరిట్ తగ్గినచోట పోయడం. ఇరవై రెండేళ్లుగా ఆ పని చేస్తున్న ఆవిడని అందరూ సీసాలమ్మ అంటారు. ఆవిడ చెయ్యి తగిలితే సీసాలో కప్పకు బతికున్ననాటి రంగు వస్తుంది, తీస్తే పోతుంది. అదేం వింత కాదక్కడ. ఫైళ్లు చూసి చూసి కళ్లు అలిసిపోతే పక్కగది గుమస్తా వచ్చి, "అక్కా, ఆ పచ్చదాన్ని ఓసారి పట్టుకో, చూసి పోతా" అంటాడు.

ఇప్పుడు వర్షారణ్యాల చెట్టుకప్పల మీద పుస్తకం వస్తోంది. బొమ్మలు వేసే ఉద్యోగానికి సీసాలమ్మ కూడా దరఖాస్తు పెట్టింది. భోజనాల వేళ ఎడంచేత్తో సీసా పట్టుకుని, కుడిచేత్తో వేసిన రంగు బొమ్మలు జతచేసింది. పుస్తకం రాస్తున్న పెద్దాయనకి ఒళ్లు మండింది. ఆ కప్పల్లో ఒకదాన్ని ఆయన "బూడిద రంగు కప్ప" అని రాసి ముప్పై ఏళ్లయింది. స్పిరిట్ రంగు తినేస్తుందని తెలుసు. తెలిసినా దిద్దుకుంటే పెద్దరికం ఏంగాను?

"నీ చేతి చలవని అచ్చేస్తామా తల్లీ? నువ్వు వదిలితే అది బూడిదే" అన్నాడు, డైరెక్టరమ్మ ముందే.

సీసాలమ్మ ఆ బూడిద కప్ప సీసా బల్లమీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుంది. డైరెక్టరమ్మ సీసా ముందు ఆయన వేయించిన బొమ్మ నిలబెట్టింది. కప్పలో చలనం లేదు. అది తీసి, సీసాలమ్మ బొమ్మ పెట్టింది.

ముందు వీపు లేతాకులా పచ్చబడింది. పక్కల్లోకి ముదురు నీలం దిగింది, దానిమీద పసుపు చారలు నిలువునా లేచాయి. వేళ్ల చివర గుండ్రటి బిళ్లలు నారింజరంగు తేలాయి. కళ్లు తెరిచింది. పండుమిరప ఎరుపు. తన బొమ్మని కాసేపు చూసుకుని, తృప్తిగా కళ్లు మూసింది. మూసిన రెప్పమీద సన్నటి బంగారు జాలీ మెరిసింది.

పెద్దాయనకి ప్రాణం లేచొచ్చింది. "ఆ జాలీ నీ బొమ్మలో ఏదీ?"

సీసాలమ్మ తన బొమ్మ అట్టకింది కాగితం తీసి బల్లమీద పరిచింది. నిద్రపోతున్న కప్ప, రెప్పమీద జాలీ, ఒక్కో పోగుతో సహా.

"మెలకువలో ఒకటి, నిద్రలో ఒకటి వేశాను సార్. మీరు అడుగుతారని తెలుసు."

డైరెక్టరమ్మ అక్కడికక్కడే సీసాలమ్మ దరఖాస్తు మీద సంతకం పెట్టింది. కప్పకి ఆ రంగు మరి పోలేదు. పెద్దాయన తన రాతలో "బూడిద" కొట్టేసి, తల ఎత్తాడు.

"మరి రేపట్నుంచి సీసాలెవరు తుడుస్తారు?"

"నా బ్రష్షులు నేను కడుక్కుంటాను సార్" అంది సీసాలమ్మ, తుడుపుగుడ్డ మడిచి ఆయన ముందు పెడుతూ. "సీసాల సంగతి మీరు చూడండి. దగ్గర్నుంచి చూస్తే చాలా తెలుస్తుంది."