గొట్టం చెప్పిన రెండు మెట్లు

లంకలన్నిటినీ పెద్ద వరద ముంచిపోయిన నాలుగో ఏడు జరిగిందిది. నేను ఒక గొట్టాన్ని. అరవై అడుగుల పొడుగు, వేలంత లావు, లోపల నీళ్ళు. తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునేది నాతోనే.

ఎక్కడో కరిగించి లాగారు. అమలాపురంలో ఒక కొట్టు ముందు చుట్ట చుట్టి వేలాడదీశారు. మొదట కొన్న మేస్త్రీ నా మాట నమ్మాడు, గోడలు నిలబడ్డాయి. రెండోవాడు తన కన్ను నాకంటే గొప్పదన్నాడు. వాడు కట్టిన అరుగు మీద గోళీ నిలబడదు. మూడోవాడు ఏసుపాదం. వాడు నన్ను పేరయ్య గారింటికి తీసుకెళ్ళాడు.

పేరయ్య గారి భార్య మంగాయమ్మకు తుంటి విరిగింది. దొడ్డి చివరున్న మరుగుదొడ్డిదాకా నడవలేదు. మంచం దగ్గర బేసిను పెడుతుంటే సిగ్గుపడి నీళ్ళు తాగడం మానేసింది. అందుకని ఆవిడ గదిని ఆనించి బాత్రూం కట్టాలన్నారు.

గది నైరుతిలో, సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో. మధ్య యాభై అడుగులు. రెంటినీ అంత దూరం పెట్టింది ఇంటికి వాస్తు చెప్పిన సిద్ధాంతి గారే. పైగా వరద నీళ్ళు చొరబడకూడదని ట్యాంకును ఎత్తుగా కట్టారు. గది గచ్చుకు దాని నోరు నాలుగంగుళాలే కింద. నాలుగడుగులకు అంగుళం వాటం ఉంటేనే పైపు పారుతుంది. యాభై అడుగులకు ఆ నాలుగంగుళాలు ఏ మూలకీ చాలవు.

"బాత్రూం అడుగెత్తు లేపాలండి. రెండు మెట్లు," అన్నాడు ఏసుపాదం.

"మెట్లెక్కగలిగితే దొడ్లోకే ఎళ్ళేదిగా మాయమ్మ. మళ్ళీ చూడు, గొట్టంలో గాలి బుడగుండి తప్పు చూపిస్తందేమో," అన్నాడు కొడుకు నూకరాజు.

చూశారు. నాలుగుసార్లు చూశారు. నాలో బుడగ లేదు. నచ్చిన జవాబు వచ్చేదాకా కొలిస్తే దాన్ని మనుషులు జాగ్రత్త అంటారట. పక్కింటాయన వచ్చి నీళ్ళే గదా, అయ్యే ఎల్తాయన్నాడు. ఇంకొకాయన బిందెలతో నీళ్ళు గట్టిగా కొట్టమన్నాడు. మూడు వారాలు ఇదే సభ.

"మీ కొలతలయ్యేసరికి నా తుంటే అతుక్కునేటట్టుందిరా," అంది మంగాయమ్మ లోపలినుంచి.

పేరయ్య గారు మాత్రం అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చారు. ఆ మూడు వారాల్లో ఆయన నోటినుంచి పొగే వచ్చింది.

ఆఖరికి ఏసుపాదం గొణిగాడు. "గది పక్కనే వేరే గొయ్యి తీసి సిమెంటు వరలు దింపితే ఏడడుగుల పైపు చాలండి. మెట్లక్కర్లేదు."

ఆ రోజు సభకొచ్చిన సిద్ధాంతి గారు చెవులు మూసుకున్నారు. "నైరుతిలో గొయ్యా? యజమాని ప్రాణానికి ముప్పండీ."

పేరయ్య గారు చుట్ట తీశారు. "యజమానికేనా? ఇంట్లో ఆడోళ్ళకేవన్నా ఉందా?"

"అబ్బే. యజమానికే."

ఆయన తలూపి మళ్ళీ చుట్ట పెట్టుకున్నారు. గొయ్యి వద్దని ఒప్పుకున్నారనుకుని సిద్ధాంతి గారు కాఫీ తాగి వెళ్ళారు.

తెల్లారి ఏసుపాదం నన్ను భుజాన వేసుకుని వచ్చేసరికి, పేరయ్య గారు నైరుతి మూల మోకాల్లోతు గోతిలో ఉన్నారు. గునపం పక్కన పెట్టి, మట్టి తట్ట పైకి అందించారు.