రెండు పేటల టేపు

నేను ఒక టేపు చుట్టను. చుట్ట అనగానే మా గోదావరి జిల్లావాళ్లు అగ్గిపెట్టె కోసం వెతుక్కుంటారు. దయచేసి వెతక్కండి, నిప్పంటే నాకు భయం. నేను పాటలు పట్టుకునే గోధుమరంగు పట్టీని, పళ్లెమంత చక్రానికి చుట్టుకుని ఉంటాను. నా నుంచి నకళ్లు తీసి క్యాసెట్లు చేసేవారు గనుక నన్ను మాస్టర్ టేపు అన్నారు. పేరుకు మాస్టర్నే గాని, నా మీద పెత్తనం ఎప్పుడూ ఇంకొకరిదే.

పుట్టింది సముద్రాల అవతల. ఓడెక్కి మద్రాసు వచ్చాను. అక్కడ ఒక ప్రకటనల కంపెనీవారు నా మీద పళ్లపొడి పాట రికార్డు చేశారు. పొడి అమ్ముడుపోకపోయేసరికి చెరిపేశారు. తరువాత నడుంనొప్పి తైలం పాట. అదీ చెరిగింది. పూర్వజన్మ వాసనలు పోగొట్టుకోవడానికి మనుషులు ఎన్ని తీర్థాలు తిరుగుతారో! నాకు ఒక్క మీట నొక్కితే పోయాయి. నిజంగా పోయాయా అన్నది మాత్రం నాకింకా అనుమానమే. ఎవరైనా పళ్లు తోముకుంటుంటే ఇప్పటికీ లోపలెక్కడో ఒక రాగం కదులుతుంది.

అలా ఖాళీ అయిన నన్ను రాజమండ్రి నుంచి వచ్చిన గ్రంధి సుందరరామయ్యగారు చవగ్గా కొన్నారు. ఆయన 'మువ్వల ఆడియో' అని భక్తి పాటల క్యాసెట్ల కంపెనీ పెట్టుకున్నారు. మనిషి మంచివాడు. పొద్దున్నే గోదావరి స్నానం, నుదుట బొట్టు, ఎవరినీ నమ్మకపోవడం, ఈ మూడూ ఏనాడూ తప్పలేదు. నన్ను స్టూడియోలో వదిలితే ఎవరు ఎత్తుకుపోతారోనని గుడ్డసంచిలో వేసి, స్కూటరుకు తగిలించుకుని ఊరంతా తిప్పేవారు. చిన్నప్పుడు ఆయన కూతురిని కూడా అంత జాగ్రత్తగా తిప్పి ఉండరు.

నా మీద మొదటిసారి దేవుడి పాట పడింది కడియం భజన బృందం వల్ల. వాళ్లు పూలతోటల్లో పనిచేసే ఆడవాళ్లూ మగవాళ్లూ. పొద్దంతా గులాబీ అంట్లు కట్టడం, సాయంత్రం రామభజన. వాళ్ల నాయకురాలు మంగతాయారు. గొంతు విప్పిందంటే తోటలో నీళ్లు పెట్టేవాళ్లు గట్టు తెగినా చూసుకోరని చెప్పుకునేవారు. ఆమె మరిది పల్లాలరావు డోలక్ వాయించేవాడు.

ఒప్పందం నోటిమాటే. స్టూడియో అద్దె, క్యాసెట్ల తయారీ, అమ్మకం షావుకారు సుందరరామయ్యగారివి. వాయిద్యాలు, రానుపోను ఖర్చులు, భోజనాలు బృందానివి. టేపు కంపెనీది. అందులో ఏముంచాలో, ఏం తీసేయాలో కంపెనీ ఇష్టం. "ఆయ్, అలాగేనండి" అంది మంగతాయారు. భజనలో తీసేయడానికి ఏముంటుందిలే అనుకుంది.

రికార్డింగు రోజున అందరూ మైకు ముందు చాప మీద కూర్చున్నారు. రికార్డు చేసే మస్తాన్‌గారు అద్దం వెనక గదిలో ఉన్నారు. పాటలన్నీ గోదావరి పడవలా సాగిపోయాయి. చివరికి మంగళహారతి వచ్చింది. అప్పుడు జరిగిందండీ ముచ్చట. హారతి పాట కూర్చుని పాడడం వాళ్ల బృందంలో లేదు. అందరూ ఒక్కసారి లేచారు. దేవుడెక్కడ అని చూశారు. వెనక గోడకు సీతారాముల పటం ఉంది. మైకుకు వీపు తిప్పి, పటం దగ్గరకు నడిచి, కళ్లు మూసుకుని మంగళం పాడేశారు. మస్తాన్‌గారు అద్దం మీద ఎంత కొట్టినా ఎవరికీ వినపడలేదు.

షావుకారుగారు విని నెత్తి పట్టుకున్నారు. "ఇదేంటమ్మా! అవతలి గట్టు మీంచి పాడుతున్నట్టుంది!"

"దేవుడికి వీపు పెట్టి హారతి పాడతామేంటండీ?" అంది మంగతాయారు.

"మైకుకు పెట్టావుగా?"

"మైకుకు అంత పట్టింపుంటదని తెలీలేదండి. ఇంకోసారి పాడతాం."

"స్టూడియో టైము అయిపోయింది. ఇంకోపూట అద్దె నేను భరించలేను. మంగళం తీసేసి, అక్కడ మన కంపెనీ క్యాసెట్ల ప్రకటన పెడతాను."

మంగతాయారు చాప మీంచి లేచింది. "మంగళం లేకపోతే భజన అయినట్టు కాదండీ షావుకారుగారూ. మా అత్త చనిపోయే ముందు ఆ హారతి నా చేతిలో పెట్టింది. అది తీసేస్తే మా పేరు కూడా తీసేయండి."

"డబ్బు పెట్టినవాడిది మాట. ముందే అనుకున్నాం" అన్నారాయన. అబద్ధం కాదు. అయినా ఆయన గొంతు ఎందుకో తగ్గింది.

మస్తాన్‌గారు బ్లేడు తీశారు. "అల్లా, మన్నించు" అని గొణుక్కుని నా తోక కోశారు. నొప్పి లేదు గాని, వాక్యం మధ్యలో నోరు మూసినట్టయింది. ఆ ముక్కను మాత్రం ఆయన పారేయలేదు, చిన్న డబ్బాలో దాచారు.

నమూనా క్యాసెట్ ఒకటి తీసుకుని షావుకారుగారు ఇంటికి వెళ్లారు. నా సంచిని కొక్కేనికి తగిలించి, క్యాసెట్‌ను తల్లి సీతారత్నంగారికి వినిపించారు. పెద్దావిడ స్నానం చేసి, దేవుడి ముందు కూర్చుని, హారతి పళ్లెంలో కర్పూరం పెట్టుకుని వినసాగింది. పాట పాటకూ కళ్లు తుడుచుకుంది. చివరి పాట అయింది. "మువ్వల ఆడియో వారి ఇతర క్యాసెట్లు..." అని ఒక గంభీరమైన గొంతు మొదలైంది. ఆవిడ అగ్గిపుల్ల చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది.

"అయిపోయిందమ్మా. భోజనానికి లేవవే" అన్నారు కొడుకు.

"అయిపోవడమేంట్రా? మంగళం పాడందే ఎలా లేస్తాను?"

"అది లేదమ్మా. తీసేశాను."

"అయితే నేనిక్కడే ఉంటాను. వాళ్లు ఎప్పుడు పాడితే అప్పుడే లేస్తా."

ఆయన బతిమాలారు. కోడలు నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది. ఆఖరికి ఆయనే తల్లి పక్కన నిలబడి, వచ్చీరాని గొంతుతో మంగళం పాడారు. నాలో ఎన్నో గొంతులు పడ్డాయి గాని, అంత అపశ్రుతిని నేనెన్నడూ వినలేదు. పెద్దావిడ కర్పూరం వెలిగించింది గాని చురక అంటించక మానలేదు. "నీ క్యాసెట్ కొన్నవాళ్లందరి ఇళ్లకూ వెళ్లి ఇలాగే పాడతావేంట్రా?"

మర్నాడే స్కూటరు కడియం దారి పట్టింది. నేనూ సంచిలో ఉన్నాను. మంగతాయారు అంట్లు కడుతూ తలెత్తలేదు. పల్లాలరావు మాత్రం "ఏమండోయ్, ప్రకటనలో డోలక్ వాయించాలా?" అని చురక వేశాడు.

"మంగళం మళ్లీ పాడాలమ్మా" అన్నారు షావుకారుగారు. "కానీ రెండోపూట అద్దె నా వల్ల కాదు."

"మేమే పెట్టుకుంటామండి. పెళ్లిళ్ల రోజులు. మండపాలకి పూలు కట్టి ఇస్తాం, ఆ కూలి మీ స్టూడియోకి" అంది ఆమె. చేతిలో అంటు పక్కన పెట్టి అడిగింది. "మరి ఖర్చు ఇద్దరం పెట్టాక టేపు మీ ఒక్కరిదే ఎలా అవుద్దండీ?"

"టేపుని సగానికి కోస్తామా?"

"కోసింది చాలండి. మా ఊరి అమ్మవారి గరగ ఉంది కదా, తలకెత్తుకుని ఊరేగిస్తారే, ఆ కలశం. అది రెండు పేటలది. జాతర ఖర్చు రెండు పేటలూ పెడతాయి. ఒక ఏడాది ఈ పేటలో ఉంటది, ఒక ఏడాది ఆ పేటలో. ఏ పేటలో ఉన్నా రెండోవాళ్లని అడక్కుండా గరగ గడప దాటదు. అమ్మవారికే లేని నామోషీ టేపుకేంటండీ?"

షావుకారుగారు వేళ్ల మీద లెక్కలు వేసుకున్నారు. వ్యాపారి కదా, ఏదో నష్టం కోసం వెతుకుతున్నారని తెలుస్తోంది. నష్టం ఉంది కూడా. ఇక మీద ఆయన ఒక్క మాట తీయాలన్నా ఆమెను అడగాలి. కానీ ఇంటి దగ్గర అగ్గిపుల్ల పట్టుకున్న తల్లి ఉంది. "సరే. మొదటి ఏడాది మాత్రం మా పేటలో" అన్నారు. పల్లాలరావు డోలక్ మీద ఒక దరువు వేసి ఒప్పందం ఖాయం చేశాడు.

రెండోసారి రికార్డింగుకు మస్తాన్‌గారు ఒక్క పని చేశారు. వెనక గోడ మీది పటం తీసి, మైకు వెనక స్తంభానికి తగిలించారు. మంగళం రాగానే అందరూ లేచారు, దేవుడి వైపు తిరిగారు, మైకు ఎదురుగా ఉంది! ప్రకటన తీసేసి ఆ పాట నా తోకకు అతికించారు. ఆ అతుకు ఇప్పటికీ ఉంది. పాట వింటే ఎక్కడుందో తెలియదు, వేలితో తడిమితే తెలుస్తుంది.

క్యాసెట్ బాగా పోయింది. దుకాణాల్లో సగం విని, కొనకుండా వెళ్లబోయినవాళ్లు కూడా మంగళం వచ్చేసరికి చెప్పులు విడిచి నిలబడ్డారట. ఇది షావుకారుగారు చెప్పిన మాట. ఆయన వ్యాపారి, కాస్త తగ్గించి నమ్మండి.

ఆ తరువాత కాలం నాకన్నా వేగంగా తిరిగింది. క్యాసెట్లు పోయాయి. మస్తాన్‌గారి మనవడు నా పాటల్ని కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఫోన్లలో పెట్టడానికి ఒక పట్నం కంపెనీ వచ్చి "అనుమతి ఎవరిది?" అని అడిగితే షావుకారుగారు "ఈ ఏడు ఆ పేట వంతు, కడియం వెళ్లండి" అన్నారు. అక్కడ మంగతాయారు "ఆయన ఒప్పుకున్నారా?" అంది. "మంగళం కోయబోమని మాటిస్తేనే ఇస్తాం" అని ఇద్దరూ ఒకే షరతు పెట్టారు.

నన్ను తిప్పి వినిపించే యంత్రం ఇప్పుడు ఏ పేటలోనూ లేదు. నా డబ్బా మూతకు కుంకుమ బొట్టు పెడతారు, అంతే. పాట లోపల ఉందో లేదో చూడకుండా నన్ను మోసే ఈ మనుషులను చూస్తే నవ్వొస్తుంది. కానీ గరగలో అమ్మవారు ఉందో లేదో ఎవరైనా తెరిచి చూశారా?

ఇప్పటికీ పేట మారే రోజున నన్ను పూలబుట్టలో పెట్టి తీసుకెళ్తారు. వెళ్లిన ఇంట్లో నన్ను సీతారాముల పటం పక్కన పెట్టి భజన చేస్తారు. ఆఖరున మంగతాయారు, ముసలి గొంతుతో, మంగళం ఎత్తుకుంటుంది. అందరూ లేచి ఇటు తిరుగుతారు. షావుకారుగారు కూడా పాడతారు, అదే అపశ్రుతితో. నాలో అది ఏదీ పడదు. ఎదురుగా నిలబడి పాడుతున్నారు గనుక హాయిగా వింటాను.